సెకండ్ హ్యాండ్ 100 సీసీ బండి: చైన్ ఎన్నిసార్లు టైట్ చేయించినా మళ్ళీ శబ్దం, పికప్ మైలేజ్ రెండూ పడిపోయాయి, ఇంజిన్ విప్పించాలా?

కొత్తరైడర్

అందరికీ నమస్తే. రోజూ పనికి వెళ్ళి రావడానికి సెకండ్ హ్యాండ్‌లో 100 సీసీ బండి ఒకటి తీసుకున్నా, కార్బురేటర్ మోడల్, ముందు వెనక రెండూ డ్రమ్ బ్రేకులే. తీసుకున్న కొత్తలో బాగానే ఉండేది కానీ ఈ మధ్య అస్సలు లాగట్లేదు, చిన్న ఎత్తు ఎక్కాలన్నా గేర్ దించాల్సి వస్తోంది, మైలేజ్ కూడా బాగా తగ్గింది. దానికి తోడు చైన్ దగ్గర గరగరమని ఒకటే శబ్దం. షెడ్డుకి తీసుకెళ్తే చైన్ టైట్ చేసి పంపిస్తారు, కొన్నాళ్ళు శబ్దం ఉండదు, మళ్ళీ మామూలే. ఈసారి వెళ్తే బోర్ (ఇంజిన్ లోపల పిస్టన్ ఆడే గొట్టం) అరిగిపోయినట్టుంది ఇంజిన్ పని చేయించాలి అన్నారు. పొగ అయితే రావట్లేదు, ఆయిల్ కూడా తగ్గట్లేదు. ఇంజిన్ దించే ముందు నేను ఇంటి దగ్గరే చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి. చిన్న చిన్న పనులు సొంతంగా నేర్చుకోవాలని కూడా ఉంది, బండితో వచ్చిన పానాలు ఉన్నాయి అంతే.

పానా పట్టు

పొగ లేదు, ఆయిల్ తగ్గట్లేదు అంటున్నారు కదా, అయితే ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ముందు ఒక పని చేయండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆపేసే ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదలండి. చైన్ ఉంటుంది కాబట్టి ముందు చక్రం తిరిగినంత ఫ్రీగా ఇది తిరగదు కానీ సాఫీగా ఒక చుట్టయినా తిరగాలి. సగంలోనే ఆగిపోతోంది, లోపల సర్ర్ సర్ర్ మని రాసుకుంటున్న శబ్దం వస్తోంది అంటే బ్రేక్ షూలు డ్రమ్‌ని పట్టేసుకుని ఉన్నట్టే.

నాకెందుకు ఆ అనుమానం అంటే మీరు చైన్ ఎన్నిసార్లు టైట్ చేయించినా అన్నారు చూడండి, అక్కడ. చైన్ టైట్ చేయడం అంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడమే. చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ పెడల్ నుంచి వచ్చే రాడ్ కూడా లాగబడుతుంది, అంటే పెడల్ మీద కాలు పెట్టకపోయినా బ్రేక్ కొంచెం నొక్కినట్టే ఉంటుంది. అందుకే చైన్ పని అయ్యాక రాడ్ చివర ఉన్న నట్ వెనక్కి తిప్పి పెడల్ ప్లే మళ్ళీ సరిచేయాలి, తొందరలో చాలామంది అది వదిలేస్తారు. చాలా బండ్లకి పెడల్ దగ్గర 20 నుంచి 30 మి.మీ. ప్లే ఉండాలి, అంటే పెడల్ అంత దిగాకే బ్రేక్ పట్టుకోవడం మొదలవ్వాలి. మీ బండి మాన్యువల్‌లో కరెక్ట్ లెక్క ఉంటుంది, అదే ఫాలో అవ్వండి.

100 సీసీ బండికి ఉన్న శక్తే 7, 8 హార్స్ పవర్ చుట్టుపక్కల. పెద్ద బండి అయితే బ్రేక్ కొంచెం పట్టుకున్నా లాక్కెళ్ళిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు, దీనికి మాత్రం పికప్‌లో మైలేజ్‌లో వెంటనే కనిపిస్తుంది. అందుకే చిన్న బండి లాగట్లేదంటే నేను మొదట చక్రాలు తిప్పి చూస్తా, టైర్లలో గాలి చూస్తా, ఇంజిన్ సంగతి చివర్లో.

చైన్ ఎంత లూజ్ ఉందో కూడా మీరే చూడండి. కింది వైపు, రెండు స్ప్రాకెట్లకి (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు) సరిగ్గా మధ్యలో వేలితో పైకీ కిందకీ కదపాలి. ఫుల్ చైన్ కవర్ ఉంటే చిన్న రబ్బరు మూత ఒకటి ఉంటుంది, అది తీస్తే చైన్ అందుతుంది. మామూలుగా 20 నుంచి 30 మి.మీ. ఆడాలి. ఇక్కడ అసలు విషయం ఏంటంటే ఒక్కచోట చూసి వదిలేయకూడదు, చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. పాత చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు, ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వేలాడుతూ ఉంటుంది. వేలాడే చోట చూసి టైట్ చేస్తే బిగుసుకున్న భాగం వచ్చినప్పుడు చైన్ తీగలా లాగేస్తుంది, ఆ భారమంతా ముందు స్ప్రాకెట్ వెనక ఉన్న బేరింగ్ మీద, ఆయిల్ సీల్ మీద పడుతుంది. చైన్ అంటే ఎప్పుడూ కాస్త లూజ్‌గానే ఉండాలి, మీరు బండి మీద కూర్చుని గుంతలో పడితే వెనక చక్రం పైకి లేస్తుంది కదా, అప్పుడు చైన్‌కి ఆ సందు కావాలి.

డైలీ అప్ డౌన్

పైన అన్న చెప్పింది కరెక్ట్, మొదట బ్రేక్ చూడండి. దాంతోపాటు క్లచ్ ప్లే కూడా. లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. ఫ్రీగా ఆడాలి, అస్సలు ఆడట్లేదు కేబుల్ బిగుసుకుని ఉంది అంటే క్లచ్ ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు, అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గోల పెరుగుతుంది కానీ బండి ముందుకి వెళ్ళదు. మీకు అలా ఉందా లేక ఇంజినే గింజుకుంటున్నట్టు ఉందా? మొదటిది అయితే క్లచ్, రెండోది అయితే బ్రేకో గాలో ఇంకేదో ఆపుతున్నట్టు.

ఆయిల్ ఏం పోశారో కూడా కనుక్కోండి. మన బండ్లలో ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే గుర్తు) అని ఉన్నదే పోయాలి, కార్లకి అమ్మే కొన్ని ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి పోస్తే క్లచ్ జారుతుంది. చాలా 100 సీసీ బండ్లకి 10డబ్ల్యు-30 గ్రేడ్ చెప్తారు.

టైర్లలో గాలి మాత్రం బండి తోలాక కాదు, టైర్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి, వేడెక్కితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో చైన్ కవర్ మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది, ఒక్కరికి వేరే ఇద్దరికి వేరే.

ఇక చైన్‌కి అయితే ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిలే పోసేయండి, ఊరికే వస్తుంది, శబ్దం పోతుంది.

ఆయిల్ మరక

పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దండీ, దయచేసి. అది నల్లగా ఉండేదే లోపలి మసి వల్ల, మెత్తటి ఇనుప రజను కూడా అందులోనే ఉంటుంది. శబ్దం పోయిన మాట నిజమే కానీ చైన్ పిన్నులు రోలర్లు లోపల్లోపలే అరిగిపోతాయి. 90 గ్రేడ్ గేర్ ఆయిల్ వాడండి, లేదా చైన్ లూబ్ స్ప్రే. ముందు కిరసనాయిల్లో బ్రష్ ముంచి మట్టి వదిలేలా రుద్ది, గుడ్డతో తుడిచి ఆరాక, కింది వరస లోపలి వైపు నుంచి చక్రం చేత్తో వెనక్కి తిప్పుతూ చుక్కలు చుక్కలుగా వేయాలి. ఆయిల్ వెళ్ళాల్సింది రోలర్‌కీ పక్కన ప్లేట్‌కీ మధ్య ఉండే సందులోకి, పైపైన పూస్తే దుమ్ము పట్టడం తప్ప ఉపయోగం లేదు. కాసేపు ఆగి పైన మిగిలింది తుడిచేయండి. వానలో తడిస్తే, బండి కడిగితే మళ్ళీ వేయాలి.

ఇంకొకటి, ఇది చాలా గట్టిగా చెప్తున్నా. ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్‌లో పెట్టి తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పట్టుకుని తుడిచేవాళ్ళని చూస్తుంటాం. గుడ్డ చైన్‌లో ఇరుక్కుంటే వేళ్ళు స్ప్రాకెట్‌లోకి వెళ్ళిపోతాయి, చెయ్యి వెనక్కి తీసే టైమ్ ఉండదు. తాళం చెవి తీసి జేబులో పెట్టుకున్నాకే చైన్ మీద చెయ్యి వేయండి.

మైలేజ్ గురించి: ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మూసుకుపోతే కార్బురేటర్ బండికి పెట్రోల్ ఎక్కువ గాలి తక్కువ అవుతుంది, స్పార్క్ ప్లగ్ విప్పితే పొడి మసి పట్టి నల్లగా కనిపిస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. ఫిల్టర్ స్పాంజ్‌ది అయితే కడిగి ఆరబెట్టి ఆయిల్ పట్టించి పిండి వాడుకోవచ్చు, పొడి కాగితంది అయితే లోపలి నుంచి బయటికి గాలి కొట్టొచ్చు, ఆయిల్ పట్టించి వచ్చే కాగితం ఫిల్టర్లు మాత్రం కడగకూడదు, గాలీ కొట్టకూడదు, మార్చడమే.

మైలేజ్ చూసేటప్పుడు మీటర్ ముల్లుని నమ్మకండి. ట్యాంక్ నింపించి, రీడింగ్ రాసుకుని, మళ్ళీ నింపించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో దానితో, మధ్యలో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. రెండు మూడుసార్లు అలా చూస్తేనే నిజం తెలుస్తుంది.

కొత్తరైడర్

అన్నలూ చాలా థ్యాంక్స్. చక్రం సగం చుట్టు కూడా తిరగలేదు! రాడ్ నట్ వదులు చేసి పెడల్ ప్లే సరిచేశా, ఇప్పుడు చక్రం తిప్పి వదిలితే తిరుగుతోంది, అదే ఎత్తు గేర్ దించకుండా ఎక్కుతోంది. క్లచ్ ప్లే ఉంది, జారట్లేదు. టైర్లలో గాలి కూడా రెండింట్లో తక్కువే ఉంది, కొట్టించా.

చైన్ మాత్రం మీరు చెప్పినట్టే, ఒకచోట కరెక్ట్‌గా ఉంది, చక్రం సగం తిప్పితే బాగా వేలాడుతోంది. ముందు స్ప్రాకెట్ కవర్ విప్పి చూస్తే పళ్ళు ఒకవైపుకి కొక్కేల్లా వంగి ఉన్నాయి. చైన్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా? పనిలో పని, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ పైభాగంలో సన్నగా టిక్ టిక్ వస్తోంది, అది ట్యాపెట్ అంటున్నారు, టైట్ చేయించేయనా?

పానా పట్టు

పళ్ళు వంగాయంటే సెట్ మొత్తం మార్చాలి, చైన్ రెండు స్ప్రాకెట్లు కలిపి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే తొందరగానే దాన్నీ పాడు చేస్తాయి. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని పట్టుకుని వెనక్కి లాగి చూడండి, సగం పన్ను బయటికి కనిపించిందంటే చైన్ పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు మీరు దగ్గరుండి మూడు చూసుకోండి. చైన్ లింక్‌కి క్లిప్ ఉంటే దాని మూసి ఉన్న వైపు చైన్ పోయే దిక్కుకి ఉండాలి, తెరిచి ఉన్న వైపు ముందుకి పెడితే దేనికైనా తగిలి ఊడొచ్చు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్క్) మీద రెండు వైపులా గీతలు ఉంటాయి, చక్రం రెండు పక్కలా ఒకే గీత మీద ఉండాలి, లేకపోతే చైన్ వంకరగా తిరిగి స్ప్రాకెట్ పక్కల్ని కోస్తుంది. చక్రం జరిపేముందు యాక్సిల్ నట్‌తో పాటు చైన్ వైపు స్లీవ్ నట్ ఉంటే అదీ వదులు చేయాలి, చివర్లో రెండూ మళ్ళీ బిగించాలి. కొత్త చైన్ మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి కొన్ని రోజులు తిరిగాక ఒకసారి చూసి, ఎక్కువ బిగుసుకున్న చోట లెక్క పెట్టుకుని సెట్ చేయండి. ఆ తర్వాత పెడల్ ప్లే, దాంతోపాటు వెనక బ్రేక్ లైట్ పెడల్ ఎంత దిగాక వెలుగుతోందో కూడా చూసుకోండి, పెడల్ ప్లే మారితే ఆ స్విచ్ టైమింగ్ కూడా మారుతుంది.

ట్యాపెట్ శబ్దం పోవాలని ఊరికే టైట్ చేయించొద్దు. ట్యాపెట్ దగ్గర, వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు మి.మీ.లో పదో వంతు చుట్టుపక్కలే చాలా చిన్న బండ్లకి, కానీ ఉండాల్సిందే. టైట్ అయితే శబ్దం పోతుంది కానీ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వ్ వేడి వదిలేది సీట్‌కి ఆనుకున్నప్పుడే, ఆనకపోతే అంచు కాలిపోతుంది, అప్పుడు నిజంగానే ఇంజిన్ విప్పాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి, మాన్యువల్‌లో ఉన్న కొలతకి పెట్టమనండి. చెవితో విని తిప్పేవాళ్ళ దగ్గర ఆ పని చేయించకండి.