ఈఎస్ఐ దాటిన వర్కర్ల హెల్త్ ఇన్సూరెన్స్: ఓనర్ కట్టాలా, సగం సగమా?

బెజవాడ ప్రెస్:
మాది ప్రింటింగ్ ప్రెస్, 14 మంది పనిచేస్తారు. జూన్‌లో ఇద్దరు మెషిన్ ఆపరేటర్లకు జీతం 20,500 నుంచి 22,000 చేశాం. ఈఎస్ఐకి (వర్కర్లకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) నెల జీతం పరిమితి 21,000 కదా, దాటిపోయారు. సెప్టెంబర్ నెలాఖరు దాకా ఈఎస్ఐ కోత ఎలాగూ ఉంటుంది, అక్టోబర్ నుంచి ఆగిపోతుంది. ఇద్దరికీ పాలసీ తియ్యాలి. ప్రీమియం సగం వాళ్ల జీతంలో పట్టుకుందామని మా తమ్ముడు, మొత్తం మనమే కడదామని నేను. మీరేమంటారు?

హోటల్ వ్యాపారి:
మీ తమ్ముడు చెప్పిందే రైటు. అద్దె, కరెంటు బిల్లు, సరుకు బాకీలు పోను మనలాంటి వాళ్లకి నెలాఖరుకి ఏం మిగులుతుందండీ? ఇవాళ ఇద్దరు, రేపు ఆరుగురు. మొత్తం మనం కట్టాక పక్కవాడు వెయ్యి ఎక్కువిస్తే వెళ్లిపోతారు. ఈఎస్ఐకి కూడా వర్కర్ దగ్గర పట్టుకుంటాం కదా, అప్పుడు లేని తప్పు ఇప్పుడెందుకు?

అకౌంట్స్ అక్క:
పట్టుకుంటారు, కానీ ఎంత? వర్కర్‌ది 0.75 శాతం, యజమానిది 3.25. అంటే రూపాయిలో 81 పైసలు మీవి, 19 పైసలు అతనివి. మరి సగం సగం ఎక్కడినుంచి వచ్చింది? 20,500 మీద మీరు నెలనెలా కట్టింది 666 రూపాయలు. అక్టోబర్ నుంచి అది మీకు మిగిలిపోతుంది, ఏడాదికి మనిషికి దాదాపు 8,000. ముందు అది ప్రీమియంలో వెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.
ప్రెస్ గారూ, ఇద్దరికి గ్రూప్ పాలసీ కుదరదు, మామూలుగా కనీసం ఏడుగురు కావాలి. వాళ్ల పేర్ల మీదే ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఒకే పాలసీ, తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడి పాలసీలకు జీఎస్టీ లేదు, గ్రూప్‌కి మాత్రం 18 శాతం అలాగే ఉంది. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయించండి, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు.

లేత్ ఆపరేటర్:
నేనూ ఇలాగే దాటాను సార్. ఈఎస్ఐలో క్యూలు, మందులు లేవు రేపు రండి అనడాలు, అన్నీ పడ్డాం. అయినా జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వచ్చేది. హాస్పిటల్ బిల్లు కట్టే పాలసీలో ఆ డబ్బు రాదు. మా మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ అక్కడే వైద్యం. ఇవన్నీ పోయాక, పెంచిన 1,500లోంచే మళ్లీ ప్రీమియం కోస్తే ఏం పెంచినట్టు? మా దగ్గర ఇద్దరు జీతం 21,000 లోపే ఉంచమని బతిమాలుకుంటున్నారు.

హోటల్ వ్యాపారి:
666 మేరకు ఓనర్ వెయ్యాలంటే సరే తమ్ముడూ. 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం కూడా ఓనరే అంటే మాత్రం నేను ఒప్పుకోను, అది కొడుకు ప్రీమియం కన్నా చాలా ఎక్కువ.

అకౌంట్స్ అక్క:
అది పంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఎంతో ముందే చెప్పి, కాగితం మీద రాసుకుని, నెలనెలా కొంచెం కొంచెంగా పట్టుకోండి, ఒకేసారి కొయ్యొద్దు. ప్రెస్ గారూ, మీరు అక్టోబర్ దాకా ఆగకండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ రాదు, ఆగస్టులోనే తీసేసుకోండి.