స్పర్శ సూచనలతో వాద్యం నేర్వడం: వాడి చూసినవారు చెప్పండి

కోనసీమ ఫిడేలు (అమలాపురం):
మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. గురువుగారు రాజోలులో ఉండడం వల్ల వారానికి ఒక్క పాఠమే కుదురుతోంది. మిగతా రోజుల్లో కమాను (తీగల మీద లాగే కర్ర) వంకర పోతున్నా సరిదిద్దేవారు లేరు. చేయి దారి తప్పగానే అదిరి హెచ్చరించే పరికరాలున్నాయని విన్నాను. కర్ణాటక సంగీతానికి అవి ఎంతవరకు ఉపయోగపడతాయి?

కాకినాడ సర్క్యూట్:
మీరు విన్నది బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ వారి మ్యూజిక్ జాకెట్ గురించి అయి ఉంటుందండీ. అది చేతుల కదలికను గమనిస్తూ, కమాను తిన్నగా సాగనప్పుడు చిన్న మోటార్లతో చేతిని తట్టి చెబుతుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో థాడ్ స్టార్నర్ బృందం చేసిన గ్లౌజు పద్ధతి వేరు: వేలికొక మోటారు ఉండి, పియానో పాటలో మెట్లు నొక్కే వరుసలోనే వేళ్లు అదురుతాయి, ధరించినవారి ధ్యాస వేరే పనిమీద ఉన్నా ఆ వరుస కొంతవరకు అలవడుతుందని వారి ప్రయోగాల్లో తేలింది.

హార్మోనియం కోసం ఫోన్లలో వాడే బిళ్ల మోటార్లతో అలాంటిదే చేసి చూశాను. వేలి కొసన పెడితే మెట్టు నొక్కడానికి అడ్డం వస్తున్నందున కణుపు మీద కుట్టాను. అలంకారాల (తొలి స్వర పాఠాల) వరుస పిల్లలకు త్వరగానే పట్టుబడింది, కానీ మన వేసవి ఉక్కపోతలో గ్లౌజు చెమటకు తడిసి ముద్దవుతుంది, పట్టీలే మేలు.

పాలకొల్లు మృదంగం:
నా అనుభవంలో ఇది తాళానికే బాగా అక్కరకొచ్చింది. మృదంగం మోతలో మెట్రోనోమ్ (లయ కొలిచే పరికరం) చప్పుడు మునిగిపోతుంది, మణికట్టు మీది అదురు మునిగిపోదు. ఆదితాళం ఎనిమిది అక్షరాలకూ అదురు పెట్టి, తరవాత సమం (తాళం మొదలయ్యే దెబ్బ) మీద మాత్రమే ఉంచి, చివరికి అదీ తీసేస్తాను. అలా తగ్గించుకుంటూ రాకపోతే పట్టీ విప్పిన రోజున లయ పరుగెడుతుంది.

రాజోలు వీణ:
మాయామాళవగౌళలో సరళీ స్వరాలు నేర్చేవారికి సరే. తోడి రాగంలో ఊపుతూ పలికించే గాంధారం (గ స్వరం) దగ్గర ఏం చేస్తారు? ఏ వేలు, ఎప్పుడు అన్నది మోటారు చెప్పగలదు గానీ, తీగను ఎంత లాగాలో, ఏ వేగంతో ఊపాలో చెప్పలేదు. ఆ ఊపునే గమకం అంటాం, దాన్ని గురువు దగ్గర విని, పాడి, అప్పుడు తీగ మీదికి తేవలసిందే. ఆ మాటకొస్తే పరికరం అమ్మేవారెవరూ గమకం ఊసే ఎత్తరు.

కోనసీమ ఫిడేలు:
అయితే కమాను వరకే వాడతాను. మోటారు చేతికి ఏ వైపున ఉండాలి?

కాకినాడ సర్క్యూట్:
రెండు వైపులా ఒక్కొక్కటి పెట్టండి. అయితే కుడివైపు అదిరితే చేయి కుడికి జరపాలా, దానికి దూరంగా ఎడమకు జరపాలా అన్నది ముందే అమ్మాయితో తేల్చుకోండి. కొందరు పిల్లలు అదురు వైపు జరుగుతారు, కొందరు తప్పుకుంటారు. ఆమెకు ఏది సహజంగా వస్తే అదే ఉంచి, గురువుగారికీ ఆ సంగతి చెప్పండి.