సెపరేషన్ డిక్రీ వచ్చి రెండేళ్ళు దాటింది, విడాకులు వాటంతటవే అయిపోతాయా?

రాజోలు అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, అత్తవారిది చించినాడ వంతెన దాటాక పాలకొల్లు వైపు. పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళు, ఏడేళ్ళ పాప ఉంది. గొడవలన్నీ రాయను, రాసినా అందరిళ్ళలో ఉన్నవే. 2023లో నేను అమలాపురం కోర్టులో వేస్తే జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ, అంటే విడిగా ఉండొచ్చన్న తీర్పు, ఇచ్చారు. అప్పుడే విడాకులు అడుగుదామంటే మా నాన్న ఒప్పుకోలేదు, కాస్త దూరంగా ఉంటే బుద్ధొస్తుందేమో అన్నారు. రాలేదు.

ఇప్పుడు ఆయన కూడా విడిపోదామనే అంటున్నారు. మస్కట్‌లో పని, సంక్రాంతికి నెల రోజుల సెలవు మీద వస్తారు. ఏడాది దాటితే ఆ డిక్రీయే విడాకులైపోతుందని మా బాబాయ్ అంటాడు, నిజమేనా? ఊళ్ళో పెద్దమనుషులేమో కోర్టెందుకమ్మా, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నలుగురి చేత సాక్షి సంతకాలు పెట్టిస్తే పోలా అంటున్నారు. ఇంకో టెన్షన్ ఏంటంటే, పోయిన సంక్రాంతికి పాపను చూడ్డానికి వచ్చి మా ఇంట్లోనే రెండు రోజులు ఉన్నారు, వీధి గదిలో పడుకున్నారు, మా అమ్మే అన్నం పెట్టింది. దాంతో కేసు మళ్ళీ మొదటికొస్తుందా? కట్నం డబ్బుతో ఆయన పేరున కొన్న ముప్పై సెంట్ల కొబ్బరి తోట కూడా తిరిగి రాసిస్తానంటున్నారు.

ప్లీడరు గుమాస్తా:
మీ బాబాయ్ గారి మాట నమ్మి ఎవరూ మీకు సంబంధాలు చూడకుండా ఆపండి తల్లీ ముందు. సెపరేషన్ డిక్రీ పదేళ్ళయినా సెపరేషన్ డిక్రీయే, చట్టం లెక్కలో మీరింకా ఆయన భార్యే. 1955 హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్ డిక్రీతో కలిసి కాపురం చెయ్యాలన్న బాధ్యత పోతుంది, పెళ్ళి పోదు. ఆ డిక్రీ తర్వాత ఏడాది పాటు కాపురం మళ్ళీ మొదలవకపోతే అదే చట్టం 13(1ఎ) సెక్షన్ కింద ఇద్దరిలో ఎవరైనా విడాకులకి ఓపీ, అంటే పిటిషన్, వెయ్యొచ్చు. 1976 వరకు ఇది రెండేళ్ళుండేది. మీకు ఏడాది ఎప్పుడో దాటింది కాబట్టి దారి తెరిచే ఉంది, కానీ వెయ్యాలి, దానంతటది కాదు.

రెండు రోజుల సంగతికి భయపడకండి. పాప కోసం వచ్చి వీధి గదిలో పడుకుని వెళ్ళడం కాపురం కాదు, భార్యాభర్తల్లా కలిసి బతకడం మళ్ళీ మొదలైతేనే ఇబ్బంది. అయితే దాచొద్దు, మీ ప్లీడరు గారికి ముందే చెప్పండి, బోనులో ఎవరో అడిగాక చెప్తే బాగోదు.

ఇక ఇద్దరికీ ఇష్టమే కదా అని అందరూ 13బి అంటారు, అదే పరస్పర అంగీకారం. అందులో మొదటి మోషన్, అంటే ఇద్దరూ కలిసి పెట్టే అర్జీ, వేసి ఆరు నెలలాగి రెండోది వెయ్యాలి, అదీ పద్దెనిమిది నెలల లోపు. 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో ఆ ఆరు నెలలూ తప్పనిసరేం కాదంది. మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు కుదరక, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవాళ్ళు ఆ గడువు తీసెయ్యమని అడగొచ్చు. అడగొచ్చు అంటున్నాను, ఇస్తారా లేదా అన్నది జడ్జి గారిష్టం. మీవారు ఉండేది నెలే కనక నన్నడిగితే 13(1ఎ) నయం, దాంట్లో ఆరు నెలల గోల లేదు, సాక్ష్యం చెప్పాల్సింది మీరే. ఆయన సెలవులో ఉండగా వకాల్తా మీద సంతకం పెట్టి ప్లీడర్ని పెట్టుకుంటే చాలు. ఆయన అసలు రాకుండా ఎక్స్‌పార్టీ, అంటే ఆయన లేకుండానే తీర్పు, చేసుకుంటే తర్వాత ఆయన మనసు మారి దాన్ని కొట్టెయ్యమని పిటిషను పెట్టొచ్చు. అయితే మేమిద్దరం మాట్లాడుకునే వేశాం అని గొప్పగా చెప్పుకోకండి, కూడబలుక్కుని వేసిన పిటిషన్‌ని 23వ సెక్షన్ ఒప్పుకోదు. పూర్తిగా కలిసే చేసుకోవాలంటే దారి 13బియే.

లంక కుర్రోడు:
స్టాంపు కాగితం దగ్గరకి పోకండి ప్లీజ్. మా అన్నకి అలాగే రాయించారు, పెద్దమనుషులు టీలు తాగి వెళ్ళిపోయారు, రెండో పెళ్ళి చేసుకున్నాక మొదటి వదిన స్టేషన్‌లో కేసు పెట్టింది. భార్య ఉండగా పెళ్ళి అంటే అదివరకు ఐపీసీలో 494వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82. మూడేళ్ళు వాయిదాలకి తిరిగాం, ఆ కాగితం చూపిస్తే జడ్జి గారు పక్కన పెట్టమన్నారు, అంతే.

ప్లీడరు గుమాస్తా:
కులాచారం ప్రకారం విడాకులు ఉన్నవాళ్ళకి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, ఆ ఆచారం పూర్వం నుంచీ ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి బాబూ, అందరూ దాన్నే పట్టుకుంటారు.

అంబాజీపేట అక్క:
తోట సంగతి నేను చెప్తానమ్మా, దెబ్బతిన్నదాన్ని. నోటి మాట వద్దు, కేసు కాగితాల్లో ఒక్క ముక్క రాసుకుని ఊరుకోవద్దు, ఆయన సెలవులో ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయించుకో. డిక్రీ రాకముందే చేయించుకో. భార్యాభర్తలుగా ఉండగా రాస్తే స్టాంపు డ్యూటీ తక్కువ, విడాకులయ్యాక బయటివాళ్ళ లెక్కే. నాకిది ఎవరూ చెప్పలేదు, ఆ తేడా డబ్బుతో ఆ ఏడు పిల్లాడి ఫీజు కట్టేదాన్ని. అంతకుముందు ఈసీ, అదే ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే సర్టిఫికెట్, తీయించి చూడు, తోట మీద సొసైటీలో లోనేమైనా ఉందేమో. మా ఆయన వైపు తోట మీద ఉంది, కొబ్బరికాయ ధర పడిపోయిన ఏడు తెచ్చారట. రిజిస్ట్రేషన్ అయ్యాక రెవెన్యూ వాళ్ళ 1బి రికార్డులోనూ పాస్ పుస్తకంలోనూ నీ పేరు ఎక్కేదాకా వెంటపడు.

పాప ఖర్చు మాత్రం తోటలో కలిపెయ్యకు. నీ భరణం నువ్వు వదులుకుంటే వదులుకో, పిల్లది తండ్రి దగ్గర అడిగే హక్కు నువ్వు రాసిచ్చేది కాదు. నెలకింత అని, ఏ తారీకున పడాలో, సెలవుల్లో ఎన్ని రోజులు ఆయన దగ్గర ఉంటుందో అన్నీ రాయించు.

రాజోలు అమ్మాయి:
అందరికీ చాలా థాంక్సండి. అక్కా, ఈసీ రేపే తీయిస్తాను, లోను సంగతి నాకు తట్టనే లేదు. గుమాస్తా గారూ, కేసు వెయ్యడానికి నేను పాలకొల్లు వైపు వెళ్ళాలా? డిక్రీ వచ్చిన వెంటనే అయిపోయినట్టేనా?

ప్లీడరు గుమాస్తా:
అక్కర్లేదు, 2003 నుంచి భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చు, అమలాపురంలోనే వెయ్యండి. పాత డిక్రీ సర్టిఫైడ్ కాపీ, శుభలేఖ, పెళ్ళి ఫొటో, ఇద్దరి ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్ళండి. కాపీకి ఇప్పుడే అప్లికేషన్ పెట్టుకోండి, పండగ ముందు కోర్టులో కాపీలిచ్చే సెక్షన్లో రద్దీగా ఉంటుంది. డిక్రీ వచ్చాక అప్పీలుకి 90 రోజులుంటుంది, ఆ లోపు మళ్ళీ పెళ్ళి మాటలు వద్దు. కొత్త డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగానే ఇవ్వాలి, ఎవరైనా చెయ్యి చాపితే ఆ మాట చెప్పండి.