పసుపు క్యాప్సూల్స్ ఒంటికి పట్టాలంటే ఎలా వేసుకోవాలి? అమ్మ మోకాళ్ళ నొప్పికి వాడుతున్నాం

మెట్లదారి (ప్రశ్న):

అందరికీ నమస్తే అండీ. మా అమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పి, ఎక్స్‌రే తీస్తే గుజ్జు అరుగుతోంది, ఆస్టియోఆర్థరైటిస్ మొదలైంది అన్నారు. ఆపరేషన్ దాకా రాలేదు కానీ బరువు తగ్గమని, తొడ కండరాలకి ఎక్సర్‌సైజులు చెయ్యమని, మరీ నొప్పిగా ఉన్న రోజు వేసుకోమని ఒక పెయిన్ కిల్లర్ రాసిచ్చారు. అది వేసుకుంటే కడుపులో మంట పుడుతోందని తను ముట్టుకోవట్లేదు, అందుకని పసుపు క్యాప్సూల్స్ మొదలుపెట్టాం, రోజూ పొద్దున్నే పరగడుపున ఒకటి మంచినీళ్ళతో వేసుకుంటోంది. కొన్ని వారాలు గడిచాయి, మెట్లు దిగేటప్పుడు అదే బాధ, పొద్దున లేవగానే మోకాళ్ళు అలాగే బిగుసుకుపోతున్నాయి.

ఇప్పుడు దీని గురించి వెతికితే పసుపులో పనిచేసేది కర్క్యుమిన్ అని, అది అసలు ఒంటికే పట్టదని, వెళ్ళింది వెళ్ళినట్టే బయటికి పోతుందని రాస్తున్నారు. మిరియాలతో కలిపితే 20 రెట్లు ఎక్కువ పడుతుందని ఒకరు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థంతో చేసినవి 29 రెట్లని ఇంకొకరు, ఇంకేదో కొత్త రకం 185 రెట్లని మరొకరు. ఈ రెట్లన్నీ చదివాక ఏది నమ్మాలో అర్థం కావట్లేదు. మా డబ్బా మీద "పసుపు 500 మి.గ్రా." అని మాత్రమే ఉంది, మిరియాల ఊసే లేదు. దీనికే మిరియాల పొడి కలిపి ఇవ్వనా, లేక రకం మార్చాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మందుల_అర:

మెట్లదారి గారూ, నేను ఫార్మసిస్ట్‌ని, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. ఒంటికి పట్టడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ డబ్బా ఇంకోసారి తిప్పి చదవండి. "పసుపు 500 మి.గ్రా." అంటే అది పొడా, ఎక్స్‌ట్రాక్టా (పసుపులోంచి సారం తీసి గాఢం చేసింది)? మామూలు పసుపు పొడిలో కర్క్యుమిన్ బరువులో సుమారు 3 శాతమే ఉంటుంది, రకాన్ని బట్టి అటూ ఇటూ. అంటే 500 మి.గ్రా. పొడి క్యాప్సూల్‌లో దొరికేది 15 మి.గ్రా. అదే "95 శాతం కర్క్యుమినాయిడ్స్‌కి స్టాండర్డైజ్ చేసిన ఎక్స్‌ట్రాక్ట్" (కర్క్యుమినాయిడ్స్ అంటే కర్క్యుమిన్, దాని కుటుంబం) అని రాసి ఉంటే అదే 500లో 475 మి.గ్రా. ఉన్నట్టు. రెండు డబ్బాలూ బయటికి ఒకేలా ఉంటాయి, లోపల సరుకు 30 రెట్లు తేడా! మీ డబ్బా మీద శాతం ఏమీ లేదంటే చాలావరకు అది పొడే అనుకోండి. ఉన్నదే 15 మి.గ్రా. అయినప్పుడు దానికి ఎన్ని మిరియాలు కలిపినా పెద్దగా ఒరిగేది ఉండదు.

రెండోది, పరగడుపున ఉత్త నీళ్ళతో అన్నారు, అది ముందు మార్చండి. కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. భోజనం మధ్యలోనో అయిపోగానో, ఆ భోజనంలో కాస్త నూనె, వెన్న, గుడ్డు, గింజలు ఇలాంటిదేదైనా ఉండేలా చూసుకుని వేసుకోవాలి. పైసా ఖర్చు లేని మార్పు ఇది, పైగా పరగడుపున వేసుకుంటే కొంతమందికి కడుపులో వికారం కూడా ఉంటుంది, అదీ తగ్గుతుంది.

మిరియాల గురించి చెప్పేముందు ఒక మాట చెప్పండి, అమ్మగారు ఇంకా ఏమేం మందులు వాడుతున్నారు? పేర్లతో సహా కావాలి.

కణం_కబుర్లు:

పైన ఫార్మసిస్ట్ గారు చెప్పినదానికి నా వంతు, ఆ రెట్ల సంగతి. నేను బయోకెమిస్ట్రీ చదువుకున్నాను, ఈ టాపిక్ అంటే నాకు బాగా ఇష్టం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

కర్క్యుమిన్‌కి అడుగడుగునా అడ్డంకులే. నీళ్ళలో కరగదు కాబట్టి పేగు గోడ దాకా చేరేదే తక్కువ, చేరింది కూడా పేగు గోడలోనూ తర్వాత లివర్‌లోనూ ఎంజైమ్‌ల చేతిలో పడుతుంది, అవి దానికి గ్లూకురోనిక్ ఆమ్లమో సల్ఫేటో తగిలించి బయటికి పంపే రూపంలోకి మార్చేస్తాయి. అందుకే గ్రాములకి గ్రాములు మింగినా రక్తంలో అసలు కర్క్యుమిన్ దాదాపు కనపడదు. మిరియాల్లోని పిపెరిన్ ఏం చేస్తుందంటే ఆ తగిలించే ఎంజైమ్‌ని కాసేపు ఆపుతుంది. అందరూ చెప్పే 20 రెట్ల లెక్క 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు చేసిన స్టడీలోది, 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మి.గ్రా. పిపెరిన్ కలిపి ఇస్తే 2000 శాతం పెరిగింది. కానీ అది ఒక్క డోసు, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మీద, పైగా ఆ పెరుగుదల మొదటి గంటలోనే ఎక్కువ, తర్వాత పడిపోయింది. ఇంకోటి, దాదాపు సున్నాకి 20 రెట్లు అంటే ఎంత? చాలా కొంచెమే.

ఇక 185 రెట్లు. అది మైసెల్ అని, నీళ్ళలో కలిసేలా చిన్న చిన్న బిందువులుగా ద్రవరూపంలో చేసిన రకం, 2014లో వచ్చిన లెక్క. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది, ఇలాంటి స్టడీల్లో రక్తం శాంపిల్‌లో ముందు ఒక ఎంజైమ్ వేసి, శరీరం మార్చేసిన రూపాన్ని మళ్ళీ కర్క్యుమిన్‌గా విడగొట్టి అంతా కలిపి "మొత్తం కర్క్యుమిన్" అని కొలుస్తారు. లెసిథిన్ రకం 29 రెట్లు కూడా అలాంటి కొలతే. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కర్క్యుమిన్ ఎంత అంటే అందులో చాలా చిన్న భాగం. ఆ మారిన రూపాలకి వాపు తగ్గించే శక్తి ల్యాబ్ పరీక్షల్లో తక్కువగానే కనపడింది. కాబట్టి 185 రెట్లు పట్టింది అంటే 185 రెట్లు నొప్పి తగ్గుతుందని కాదు, రెండు రెట్లు కూడా అని కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలిచి వేసుకున్న అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు అని నా గట్టి అభిప్రాయం.

అసలు చూడాల్సింది మోకాలి నొప్పి మీద ఏం జరిగిందని. థాయిలాండ్‌లో 2014లో 367 మంది మోకాలి ఆస్టియోఆర్థరైటిస్ పేషెంట్లకి నాలుగు వారాలు ఒక గ్రూపుకి రోజుకి 1500 మి.గ్రా. పసుపు ఎక్స్‌ట్రాక్ట్, ఇంకో గ్రూపుకి 1200 మి.గ్రా. ఐబుప్రోఫెన్ అనే పెయిన్ కిల్లర్ ఇచ్చారు, నొప్పి తగ్గడంలో రెండూ దగ్గరదగ్గరగా వచ్చాయి, కడుపునొప్పి ఫిర్యాదులు పసుపు గ్రూపులో తక్కువ. అందులో వాడింది నానో, లైపోజోమ్ అని బాగా ఒంటికి పట్టేలా చేసిన రకాలు కాదు, మామూలు ఎక్స్‌ట్రాక్టే. అయితే పోల్చడానికి మందు లేని ఉత్త క్యాప్సూల్ ఇచ్చిన గ్రూపు అందులో లేదు, ఆ లోటు ఉంది. ఆ లోటు లేనిది ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 2020లో వచ్చింది, 70 మంది, 12 వారాలు, ఉత్త క్యాప్సూల్ వేసుకున్నవాళ్ళ కంటే పసుపు వేసుకున్నవాళ్ళకి నొప్పి తగ్గింది. కానీ ఎంఆర్ఐలో చూస్తే మోకాల్లో చేరిన నీరు గానీ గుజ్జు గానీ ఏమీ మారలేదు. అంటే నొప్పికి కొంత ఉపశమనం, అంతవరకే. గుజ్జు మళ్ళీ వస్తుందని ఎవరైనా డబ్బా మీద రాస్తే ఆ డబ్బా కొనకండి.

మెట్లదారి:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు. డబ్బా చూశాను, వెనకాల చిన్న అక్షరాల్లో "పసుపు దుంప పొడి" అనే ఉంది, శాతం ఎక్కడా లేదు. మీరన్నట్టు పొడే.

మందులు: బీపీకి అమ్లోడిపిన్, ఇంకా గుండెకి మంచిదని చిన్న డోసు ఆస్పిరిన్ రోజూ ఒకటి వేసుకుంటుంది. షుగర్ లేదు. మరి ఎక్స్‌ట్రాక్ట్‌తో పాటు పిపెరిన్ కలిపినవే మంచివా?

మందుల_అర:

అందుకే అడిగానండీ. పిపెరిన్ ఆపేది కర్క్యుమిన్‌ని బయటికి తోసే ఎంజైమ్‌ని ఒక్కదాన్నే కాదు, మందుల్ని విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ని, పేగుల్లో మందుని వెనక్కి నెట్టే పంపుని కూడా నెమ్మది చేస్తుంది. కాపలావాడిని పక్కకి లాగితే మనవాడు ఒక్కడే లోపలికి రాడు కదా, మిగతావాళ్ళూ వస్తారు. ఫెనిటాయిన్ (మూర్ఛకి), ప్రొప్రనలాల్ (బీపీకి), థియోఫిలిన్ (ఆయాసానికి) లాంటి మందులు రక్తంలో పెరగడం మనుషుల మీద చేసిన స్టడీల్లోనే కనపడింది. అమ్మగారి అమ్లోడిపిన్ విరిగేది కూడా ఆ సీవైపీ3ఏ4 తోనే, కాబట్టి పిపెరిన్ రకం వేస్తే బీపీ మరీ తగ్గడం, పాదాల వాపు లాంటివి వచ్చే అవకాశం ఉంది. మీ కేసులో పిపెరిన్ వద్దనే చెప్తాను. వంటలో వేసే మిరియాల గురించి భయపడక్కర్లేదు, క్యాప్సూల్‌లో రోజూ వేసే గాఢమైన పిపెరిన్ గురించే నా మాట.

ఆస్పిరిన్ సంగతి ఇంకా ముఖ్యం. కర్క్యుమిన్‌కి కూడా ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) అతుక్కోకుండా చేసే గుణం కొంత ఉంది, రెండూ కలిస్తే చిగుళ్ళ నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళయితే అసలు దీని జోలికి వెళ్ళకూడదు, న్యూజిలాండ్‌లో వార్ఫరిన్ మీద ఉన్న ఒకాయన పసుపు ప్రొడక్ట్ మొదలుపెట్టాక ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే కొలత) 10 దాటిందని 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. మామూలుగా వార్ఫరిన్ వాడేవాళ్ళకి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, ఆలోచించండి. కాబట్టి ఎక్స్‌ట్రాక్ట్‌కి మారేముందు ఆస్పిరిన్ రాసిన డాక్టర్‌కి చెప్పి, ఆయన సరేనంటేనే మొదలుపెట్టండి. ఎప్పుడైనా ఆపరేషన్ గానీ పన్ను పీకించుకోవడం గానీ ఉంటే ముందే చెప్పి ఆపెయ్యాలి.

ఆయన ఒప్పుకుంటే పిపెరిన్ లేని 95 శాతం ఎక్స్‌ట్రాక్ట్ గానీ, లెసిథిన్ రకం గానీ చూడండి. లెసిథిన్ రకంలో గ్రాముకి కర్క్యుమిన్ 200 మి.గ్రా. దాకానే ఉంటుంది, తక్కువ ఉందని కంగారు పడొద్దు, అది వేసుకునే లెక్కే వేరు. మామూలు ఎక్స్‌ట్రాక్ట్ అయితే ఒకేసారి మొత్తం మింగకుండా భోజనాలకి విడగొట్టి వేసుకోవాలి, ఎందుకంటే అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు.

పైమెట్టు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు పిత్తాశయంలో రాళ్ళున్నాయి, పసుపు క్యాప్సూల్ వేసుకున్నాక కుడి డొక్కలో నొప్పి వచ్చి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను, కర్క్యుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, రాళ్ళున్నవాళ్ళు వాడకూడదు అన్నారు. అమ్మగారికి ఎప్పుడైనా స్కాన్ తీసి ఉంటే ఒకసారి చూడండి.

ఒక డౌటు, ఈ గొడవంతా లేకుండా పసుపుని వేడినీళ్ళలో మరిగించి తాగితే బాగా కరుగుతుందని అంటారు, నిజమేనా?

కణం_కబుర్లు:

వేడికి కరగడం కొంచెం పెరుగుతుంది నిజమే కానీ ఎక్కువసేపు ఉడికిస్తే కర్క్యుమిన్ పాడైపోతుంది కూడా, ప్రెషర్ కుక్కర్‌లో 10 నిమిషాలు పెడితే సగం దాకా పోయినట్టు స్టడీ ఉంది. అయినా చెంచా పొడిలో ఉండేదే 100 మి.గ్రా. లోపు, మోకాళ్ళ స్టడీల్లో వాడిన డోసుకి అది దరిదాపుల్లోకి కూడా రాదు. వంటలో పసుపు హాయిగా తినండి, మందు అనుకుని మాత్రం పొడి చెంచాలు చెంచాలు మింగకండి, పొడిలో ఆక్సలేట్ కూడా ఎక్కువే, కిడ్నీ రాళ్ళ మనుషులకి అది మంచిది కాదు.

మెట్లదారి గారూ, లివర్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు ఈమధ్య పెరిగాయి. ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థకి 2023 జూన్ చివరి వరకు 18 రిపోర్టులు వచ్చాయి, అమెరికాలో పరిశోధకులు 10 కేసులు పరిశీలిస్తే అందులో 7 మందికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే ఒకే రకం జన్యువు ఉంది. వాడేవాళ్ళ సంఖ్యతో చూస్తే ఇవి అరుదే, కానీ అది మనకి వస్తుందో రాదో ముందే చెప్పలేం, బాగా ఒంటికి పట్టేలా చేసిన రకాల్లో, పిపెరిన్ ఉన్నవాటిలో రిస్క్ ఎక్కువని ఆ నియంత్రణ సంస్థే చెప్పింది. అందుకే ఎక్కువ రెట్లు ఉన్నదే మంచిదని వెతకడం నాకు నచ్చదు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా, ఒళ్ళంతా దురద, ఆకలి చచ్చిపోవడం లాంటివి ఉన్నా ఆ రోజే ఆపేసి లివర్ టెస్ట్ చేయించాలి. మొదలుపెట్టే ముందు కూడా ఒక ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్త పరీక్ష) చేయించి పెట్టుకుంటే పోల్చుకోవడానికి ఉంటుంది.

మెట్లదారి:

మంచిదండీ, ఈ పొడి క్యాప్సూల్స్ ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నాం. ముందు డాక్టర్‌ని కలిసి ఆస్పిరిన్ సంగతి అడిగి, ఎల్ఎఫ్‌టీ చేయించి, అప్పుడు పిపెరిన్ లేనిది చూస్తాం. అమ్మ ఎక్సర్‌సైజులు మాత్రం మానేసింది, నొప్పి తగ్గాక చేస్తానంటుంది. ఎక్స్‌ట్రాక్ట్ ఎంతకాలం వాడి చూడాలి?

మందుల_అర:

చాలా స్టడీలు నాలుగు నుంచి 12 వారాల మధ్యే, కాబట్టి ఎనిమిది నుంచి 12 వారాలు పెట్టుకోండి. మొదలుపెట్టే రోజు మెట్లు దిగేటప్పుడు నొప్పి 10కి ఎంత అని అమ్మగారినే అడిగి రాసిపెట్టండి, వారానికోసారి అదే ప్రశ్న అదే మెట్ల దగ్గర. 12 వారాలకి కూడా అంకె కదలకపోతే ఆపెయ్యండి, డోసు పెంచుకుంటూ పోవద్దు. ఎక్సర్‌సైజు విషయంలో అమ్మగారికి గట్టిగా చెప్పండి, నొప్పి తగ్గాక చేద్దామంటే కుదరదు, తొడ కండరం బలపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది, కుర్చీలో కూర్చుని కాలు చాచి కాసేపు పట్టి ఉంచడంతో మొదలుపెట్టినా చాలు. ఇంకో విషయం, ఆ పెయిన్ కిల్లర్‌తో మంట వస్తోందని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఆస్పిరిన్‌తో పాటు అది కూడా ఉంటే కడుపులో పుండు పడే రిస్క్ ఎక్కువ, పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి బాగానే పనిచేస్తుంది, కడుపుకి ఇబ్బంది చాలా తక్కువ, అది వాడొచ్చేమో కూడా అదే విజిట్‌లో అడగండి.