బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివి ఆసుపత్రిలో చేరడం మంచిదేనా?

ప్రశ్న:
బీటెక్ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటున్నారు, మిషన్లు రిపేరు చేయడానికా ఇంత చదివింది అని నాన్న బాధ. అసలు అక్కడ పని ఎలా ఉంటుందో చేస్తున్నవాళ్లు చెప్పండి.

జవాబు:
ఆరేళ్లుగా ఇదే పని. రిపేరు అందులో ఒక భాగమే తమ్ముడూ. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ సెన్సర్ సరిగా చూపిస్తోందా, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ని 200 జౌళ్లకి పెడితే నిజంగా అంత వదులుతోందా, నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు గంటకు 5 మి.లీ. అంటే అంతే ఎక్కిస్తోందా అని ఎనలైజర్ అనే కొలిచే పరికరం పెట్టి చూస్తాం. ఒకసారి ఈసీజీ గీత సన్నగా వణుకుతోందని మానిటర్ మార్చమన్నారు, తీరా చూస్తే ఆ ప్లగ్ పాయింటుకి ఎర్తింగే లేదు, కరెంటు లైన్లోని 50 హెర్ట్జ్ అలజడి ఈసీజీ గీతలోకి వచ్చేస్తోంది. రాత్రిళ్లు ఫోన్లు వస్తాయి, టెన్షన్ ఉంటుంది. మొదట్లో జీతం తక్కువే.

మరో జవాబు:
నేను రెండేళ్లు ఆసుపత్రిలో చేసి పరికరాల తయారీలోకి వచ్చాను. గ్లౌజులు వేసుకున్న నర్సుకి ఏ బటన్ అందదో అక్కడే చూశాను, ఇప్పుడు డిజైన్లో అదే పనికొస్తోంది. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీల కోసం విశాఖలో మెడ్‌టెక్ జోన్, మనకి హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్ పార్కు ఉన్నాయి. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్, వైద్య పరికరాల నాణ్యత ప్రమాణం ఐఎస్‌ఓ 13485 ఇప్పటినుంచే చదువు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, అక్కా. నాన్న లైన్‌మన్. ఎర్తింగ్ సంగతి ఈ రాత్రే చెప్తాను.