లివర్ క్యాన్సర్ ఛాతీకి పాకింది: రాయగడ వైపు వాళ్ళు ఎక్కడ చూపిస్తున్నారు?

రాయగడ_తమ్ముడు:
నాన్నకి లివర్ క్యాన్సర్. సీటీలో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి, ఆపరేషన్ కుదరదన్నారు. ఇప్పటికైతే తింటున్నారు, తిరుగుతున్నారు. విశాఖా, కటకమా? కీమో తట్టుకుంటారా?

పర్లాకిమిడి_అక్క:
తమ్ముడూ, మా ఆయనకీ ఇదే. ఊపిరితిత్తుల్లో కనిపించినా అది లివర్ క్యాన్సరే, మందులూ దానివే. మామూలు కీమో దీనిమీద పెద్దగా పనిచెయ్యదు. మాకు లెన్వాటినిబ్ అనే నోటి మందు ఇచ్చారు. బరువు 60 కిలోల లోపైతే రోజుకి 8 మి.గ్రా., 60 ఆపైనుంటే 12. బీపీ బాగా పెరుగుతుంది. పొద్దున్నే మిషన్‌తో చూసి కేలండర్ గళ్ళలో రాసేదాన్ని. ఆ కాగితం చూసే డాక్టరుగారు డోసు తగ్గించారు.

బరంపురం_వాసి:
రిపోర్టులో చైల్డ్-ప్యూ (లివర్ పనితీరుకి ఇచ్చే గ్రేడు, ఏ అంటే మెరుగు) ఏ, బీ, సీల్లో ఏముందో ముందు అడగండి. మచ్చలెన్నని అందరూ అడుగుతారు గానీ, లివర్ ఎంత పనిచేస్తోందన్నదే మందుని తేలుస్తుంది. మా అన్నయ్యకి ఏ వచ్చింది కాబట్టి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ సెలైన్‌లో 3 వారాలకోసారి ఎక్కించారు. దానికి ముందు ఎండోస్కోపీ తప్పనిసరి. అన్నవాహికలో నరాలు ఉబ్బి ఉంటే రక్తం కక్కుకునే ప్రమాదం. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

గుణుపురం_మాస్టారు:
ఖర్చు భయమైతే సొరాఫెనిబ్ గురించి అడుగు బాబూ. నెలకి 2.8 లక్షలుండే మందుని 2012లో నాట్కో అనే మందుల కంపెనీకి లైసెన్సిచ్చి 8,800కి దించారు. అరచేతులు, అరికాళ్ళు మండి పొక్కులొస్తాయి. మొదటి రోజునుంచే యూరియా క్రీము రాయాలి. రాయగడనుంచి విశాఖకి నేరుగా రైలుంది, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి. కటకంలో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుందో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరు.

పసరు మందు జోలికి మాత్రం పోవద్దు, దండం పెడతాను. మా బావగారికి ఎవరో చెప్పారని పోశారు, కామెర్లు ముదిరాయి, క్యాన్సర్ మాత్రలు ఆపెయ్యాల్సొచ్చింది. నొప్పికి డైక్లోఫెనాక్ కూడా సొంతంగా వెయ్యకండి.

పర్లాకిమిడి_అక్క:
ఆయాసం వస్తే ఛాతీలో నీరు చేరిందేమో చూపించండి, తీస్తే హాయిగా ఉంటుంది. తర్వాత మా ఆయనకి కొద్దిపాటి మార్ఫిన్ ఇచ్చారు. ఆ పేరు వినగానే మా అత్తగారు ఏడ్చేశారు. కానీ ఆ రాత్రి ఆయన పడుకుని నిద్రపోయారు.

రాయగడ_తమ్ముడు:
అక్కా, మాస్టారూ, రిపోర్టులో ఏ అనే ఉంది. హెపటైటిస్ బీ పాజిటివ్ కూడా. మరి ఆ వైరస్ ఇంట్లో మాకూ సోకి ఉంటుందా?

బరంపురం_వాసి:
అమ్మకీ, తోబుట్టువులందరికీ రక్తపరీక్ష చేయించు. వైరస్ లేనివాళ్ళకి, రక్షణ లేదని తేలితే, టీకా: ఇప్పుడు, నెలకి, ఆరో నెలకి. నాన్నగారికి వైరస్‌ని అణిచే మాత్ర ఇస్తే క్యాన్సర్ మందుతోపాటు అదీ ఆపొద్దు.