అప్‌డేట్: మోటారు గరగరకు అసలు కారణం దొరికింది

సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకటిగా ఉండే) మోటారుకు ఏడాదిలో రెండోసారి బేరింగ్ పోయిందని, ఈసారి టేపర్ రోలర్ బేరింగ్ (గుండ్ల బదులు ఒక వైపు సన్నబడే రోలర్లు ఉండేది) వేయిస్తే గట్టిగా ఉంటుందా అని అడిగాను కదా. వద్దన్నవాళ్లే కరెక్ట్.

టేపర్ రోలర్లు ట్రాక్టర్ ట్రాలీ చక్రాల్లాంటి చోట్లకి. అక్కడ పైనుంచి బరువూ పడుతుంది, మలుపుల్లో పక్కనుంచి తోపూ ఉంటుంది. మా మోటారు షాఫ్ట్‌కు మామూలు బాల్ బేరింగే చాలు. పాతదాని నంబరు 6203. చివరి 03 అంటే లోపలి రంధ్రం 17 మి.మీ. అని మెకానిక్ చెప్పాడు. 04 నుంచైతే ఆ చివరి అంకెలను ఐదుతో గుణిస్తే రంధ్రం కొలత వస్తుందట.

విప్పి చూస్తే పంపు వైపు బేరింగ్‌లో గ్రీజు తుప్పు కలిసి కాఫీ రంగులో ఉంది, బాల్స్ మీద సన్నని గుంటలు. అంటే మెకానికల్ సీల్ (పంపులోని నీళ్లు షాఫ్ట్ వెంట బయటికి రాకుండా ఆపేది) కారి నీళ్లు లోపలికి వెళ్తున్నాయి. పోయినసారి సీల్ మార్చకుండా బేరింగ్ ఒక్కటే మార్చారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈసారి సీల్ కొత్తది, బేరింగ్ రెండువైపులా రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ రకం. ఎక్కించేటప్పుడు సుత్తి దెబ్బ బయటి రింగు మీద పడకుండా, లోపలి రింగుకు పైపు ముక్క ఆనించి కొట్టాడు.

నాలుగు రోజులైంది, శబ్దం లేదు. సీల్ కింద అట్టముక్క పెట్టి రోజూ చూస్తున్నాను, పొడిగానే ఉంది.